ఆ పెట్టెకి బొట్టు పెట్టలేదు: ఆటోనగర్ నుంచి ఉయ్యూరుకి, మళ్ళీ ఆటోనగర్‌కి

సోమవారం పొద్దున మీరు పనికి బయల్దేరినప్పుడు మీ దేవుడు మీ వెంట వస్తాడా, లేక మళ్ళీ ఆదివారం దాకా ఆయన్ని చర్చిలో పెట్టి తాళం వేసుకుని వస్తారా? ఈ ప్రశ్న అడిగే అర్హత నాకు లేదు, అయినా అడుగుతున్నాను. ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా టికెట్లు కొట్టాను. సెలవు దొరికిన ప్రతి సాయంత్రం పందిళ్ళలో మైకు పట్టుకుని వాక్యం చెప్పాను. బైబిలు కాలేజీ గడప తొక్కలేదు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బస్టాండు బల్ల మీద కూర్చుని చదువుకున్నదే నా చదువు. టికెట్లు కడుపు కోసం, మైకు దేవుని కోసం అని నా బతుకులో నేనే ఒక అడ్డగోడ కట్టుకున్నాను. అది నా ఇంట్లో ఉన్నంతకాలం నష్టం నాదే. కానీ అదే గోడ తీసుకెళ్ళి ఇంకొకడి ఇంట్లో కూడా కట్టాను. మొన్న శుక్రవారం నేను చేసిన ప్రయాణం దాన్ని పడగొట్టడానికి. ఒక రోజులో వెళ్ళి రాగల దారే. నాలాంటి పని పెట్టుకుని బయల్దేరేవాళ్ళు ఉంటారని, వేళలూ చార్జీలూ కలిపి రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట కంకిపాడులో మూడు రోజుల కూటాలు జరిగాయి. వలలు వదిలి ప్రభువును వెంబడించిన జాలరుల గురించి చెబుతున్నాను. మూడో వరసలో ఒకతను బైబిలు తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు. నాకు ఊపు వచ్చింది. వేలు చూపించి, "ఆ నల్లటి చేతులతో పరిశుద్ధ గ్రంథాన్ని ఇంకా ఎన్నాళ్ళు పట్టుకుంటావు తమ్ముడూ? లోకపు పని వదిలెయ్, సేవకు రా!" అని మైకులో అరిచాను. పందిరంతా హల్లెలూయా అంది. అతను లేచి నిలబడ్డాడు. పేరు రత్నరాజు. ఆటోనగర్‌లో లారీలకీ బస్సులకీ బ్రేకులు చేసే మేస్త్రి. మర్నాడు వచ్చి, తమ షాపులో దసరాకి పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టి పూజ చేస్తారని చెప్పాడు. "అయితే ఆ పనిముట్లు నువ్వు ముట్టకూడదు" అని తీర్పు చెప్పేశాను. నెల తిరక్కుండా పని మానేసి ఉయ్యూరు దగ్గర రేకుల షెడ్డు వేసి పాస్టరు అయ్యాడు. నేను ఆ సంగతిని ఎన్ని పందిళ్ళలో నా ఘనకార్యంగా చెప్పుకున్నానో దేవుడికి తెలుసు.

మా సంఘాల్లో సేవకుడు అంటే పాస్టరు ఒక్కడే. బ్రేకు బిగించేవాడు, బస్సు నడిపేవాడు, నాట్లు వేసే ఆమె, వీళ్ళంతా చేసేది "లోకపు పని". ఆ మాట నేను ఎన్ని వేలసార్లు అన్నానో. మొన్న బుధవారం రత్నరాజు భార్య సుగుణ ఫోన్ చేసింది. పాత షాపు యజమాని కబురు పంపాడట, బ్రేకుల మేస్త్రి మానేశాడు, ఆ చోటు ఖాళీగా ఉంది, రమ్మని. రత్నరాజుకి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోందట. వెళ్తే మాత్రం వెనక్కి తిరిగి చూసిన లోతు భార్యలా ఉప్పుస్తంభం అయిపోతానని భయం. ఆమె అన్న మాట నా చెవిలో ఇంకా అలాగే ఉంది: "ఆ పిలుపు ఇచ్చింది మీరే గదండీ అయ్యగారూ. మీరే వచ్చి తీసెయ్యండి."

కృష్ణలంకలో మా ఇంటి దగ్గర ఏడుంపావుకి సిటీ బస్సు ఎక్కాను. ఆటోనగర్‌కి ఇరవై రూపాయలు, అరగంట. ఎనిమిది దాటాక బయల్దేరితే బెంజి సర్కిల్ దగ్గరే సగం పొద్దు పోతుంది. ఆటోనగర్ ఎప్పుడూ చూడనివాళ్ళకి ఒక మాట. అక్కడ వీధికొక వాహనభాగం. ఒక వీధి నిండా రేడియేటర్లు, ఒక వీధి నిండా సీట్లు, ఇంకో వీధిలో లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు. కిందంతా నూనె తాగిన నల్లమట్టి. ఆ మట్టిని తొక్కుతూ వెళ్తుంటే నాకు కంకిపాడు పందిట్లో నేను వేలు చూపించిన గోళ్ళు గుర్తొచ్చాయి.

బ్రేకుల షాపు యజమాని నాగేశ్వరరావు గారికి డెబ్బై దాకా ఉంటాయి. నుదుట కుంకుమ, భుజాన తువ్వాలు. రత్నరాజు గురించి వచ్చానని చెప్పగానే కళ్ళజోడు పైకి ఎత్తి చూశాడు.

"మా రత్నాన్ని ఎత్తుకుపోయిన ప్రసంగాలాయన మీరేనా?"

"నేనేనండి."

"కూర్చోండి. మీరు కనపడితే తిడదామని ఎనిమిదేళ్ళ నుంచి దాచుకున్నా. ముందు టీ తాగండి, తర్వాత తిడతా."

టీ తాగాక తిట్టలేదు. నేల మీద ఉన్న ఒక బ్రేకు డ్రమ్ము చూపించాడు. బస్సు చక్రం లోపల ఉండే ఇనప గిన్నె అది, పెద్ద డేగిశా అంత ఉంది. "ఇప్పటోళ్ళు దీన్ని కళ్ళతో చూస్తారండి. వాడు చెవితో చూసేవాడు. సుత్తితో ఒక్కటి కొట్టి వినేవాడు. బాగున్న డ్రమ్ము గంటలా మోగుద్ది. లోపల బీట ఉంటే పాత డబ్బాలా పలుకుద్ది. ఒకసారి స్కూలు బస్సు వచ్చింది. వాడు డ్రమ్ము కొట్టి చూసి, ఇది రోడ్డెక్కదు అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు. డ్రైవరు తిట్టాడు, బస్సు ఓనరు తిట్టాడు, అర్జెంటుగా పంపమని నేనూ తిట్టా. ఇవ్వలా! కొత్త డ్రమ్ము వేశాకే ఇచ్చాడు."  అంత గట్టి ప్రసంగం నేను ఇరవై ఏళ్ళలో ఒక్కటి కూడా చెయ్యలేదు.

తర్వాత లోపలి అరలోంచి ఒక ఇనప పెట్టె తీసుకొచ్చాడు. పచ్చ రంగు సగం పోయింది. మూత మీద మేకుతో గీసిన చిన్న సిలువ గుర్తు. తెరిస్తే స్పానర్లు, సుత్తులు వరసగా, నూనె మెరుపుతో ఉన్నాయి. "ప్రతి దసరాకీ షాపులో ఉన్న సామానంతటికీ పసుపు కుంకుమ పెడతానండి, తాళంకప్పకి కూడా. దీనికి మాత్రం పెట్టలా. తుడిచి, నూనె రాసి, పక్కన పెడతా. వాళ్ళ దేవుడి పద్ధతి వేరు గదా. వాడు తిరిగొచ్చి చూసుకుంటే నొచ్చుకోకూడదు." ఎనిమిది దసరాలు ఆయన అలా చేశాడు. నన్ను ఎంత తిట్టినా ఇంతగా తగిలేది కాదు. ముట్టకూడదని నేను చెప్పిన పనిముట్లను, నా దేవుణ్ణి ఎరగని ఒక ముసలాయన ఆ దేవుడి పేరు మీద కాపాడుతూ వచ్చాడు.

గడువు కూడా ఆయనే చెప్పాడు. "రేపు పొద్దున కొండపల్లి నుంచి ఒకతను వస్తున్నాడు, మాటిచ్చేశా. ఇవాళ సాయంత్రం ఆరింటికి షట్టరు దించుతా. ఈలోపు రత్నం వస్తే చూద్దాం. రాకపోతే ఈ పెట్టె కూడా అతనికే ఇచ్చేస్తానండి. ఇక నా వల్ల కాదు."

ఆటోనగర్ గేటు దగ్గర బందరు రోడ్డు మీద తొమ్మిదిన్నరకి పల్లెవెలుగు బస్సు దొరికింది. ఉయ్యూరు దాకా నాకు యాభై రూపాయల లోపే అయింది. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు పాతికేళ్ళ అమ్మాయి. అలవాటు కొద్దీ సరిపడా చిల్లర ఇచ్చి, ఆమె మిషను కొట్టే తీరు చూస్తూ కూర్చున్నాను. పోరంకి దాటాక ఉండబట్టలేక అడిగింది. "ఏం సార్, చెకింగ్ ఆఫీసరా మీరు? ఇందాకట్నుంచి నా చేతులే చూస్తున్నారు!" నేనూ ఇరవై ఆరేళ్ళు ఇదే పని చేశానని చెప్పాను. "హమ్మయ్య, గుండె ఆగిపోయింది" అని నవ్వింది. పెనమలూరులో ఒక ముసలామె బియ్యం సంచితో దిగుతోంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. "ఉండవయ్యా బాబూ, నీ పెళ్ళి ముహూర్తం ఏం దాటిపోవట్లేదు" అని, ముసలామె రెండో కాలు నేలకి ఆనాకే ఆ అమ్మాయి రైట్ అంది. ఆ రెండో కాలు కోసం నేనూ ఎన్ని వేలసార్లు ఆగానో. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "ప్రభువా, ఇది నీ కోసం" అని అనుకున్నానా? అదంతా కడుపు కోసం అనుకుని పారేశాను. ఇరవై ఆరేళ్ళ ప్రార్థన చేతిలో ఉండి కూడా చెయ్యకుండా రిటైరయ్యాను.

ఉయ్యూరులో దిగేసరికి పదిన్నర. బస్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ తిని, కాటూరు రోడ్డు వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. రేకుల చర్చి అనగానే డ్రైవరు, "మైకు పాస్టరు గారి దగ్గరికా?" అన్నాడు. ఆ పేరెందుకు వచ్చిందంటే, "ఇంకో రెండు నిమిషాలు ఆగండి సార్, మీకే తెలుసుద్ది" అన్నాడు. అన్నట్టే, చెరకు తోట మలుపు తిరగకముందే గొంతు వినిపించింది. డ్రైవరు కాస్త గొంతు తగ్గించాడు. "మంచి మనిషండి. నా ఆటో బ్రేకు ఆయనే సర్దాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. బ్రేకు చెయ్యడం కూడా తప్పేనా సార్ మీ మతంలో?" నేను చార్జీ ఇచ్చి దిగిపోయాను.

శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతోంది. రేకుల షెడ్డు, చాపల మీద తొమ్మిది మంది, వాళ్ళకి అటూ ఇటూ బీరువాల్లాంటి రెండు సౌండ్ బాక్సులు. వాటి పక్కన నిలబడి రత్నరాజు అరుస్తున్నాడు. గుమ్మంలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ గొంతు నాది. ఆగే చోట్లు నావి. మాట మరిచిపోయినప్పుడు దగ్గడం కూడా నా దగ్గే. ఎనిమిదేళ్ళపాటు ఒక మనిషి తన సొంత నోరు పక్కన పెట్టి నా నోటితో మాట్లాడాడు. సుగుణ నన్ను చూసి బయటికి వచ్చింది. "విన్నారుగా అయ్యగారూ? ఆయనకి ప్రసంగం రాదండి. వచ్చినట్టు అరుస్తాడు. మంచం కింద రెండు స్పానర్లు దాచుకున్నాడు, తాగుబోతు సీసా దాచుకున్నట్టు. నేను చూడలేదనుకుంటాడు. ఆ డబ్బాల పక్కన నిలబడీ నిలబడీ ఎడం చెవి పోయింది. కుడిది కూడా అంతంత మాత్రమే."

మధ్యలో పాట పాడుతుండగా రత్నరాజు బయటికి వచ్చాడు. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపాను. చేతులు మెత్తగా ఉన్నాయి. "తమ్ముడూ, నీ పని లోకపు పని అని చెప్పి తప్పు చేశాను. నువ్వు వెళ్ళు, ఇవాళ ఆరింటిదాకే మీ యజమాని చూస్తాడట. దేవుడు వద్దనడు" అన్నాను. అతను కుడి చెవి నా వైపు తిప్పి, రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత నిదానంగా అన్నాడు: "నన్ను రమ్మన్నది మైకులో చెప్పారు గదండీ. ఇప్పుడు పొమ్మనేది చెవిలో చెబుతున్నారేంటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. నిజమే. నా గొప్పంతా మైకులో, నా తప్పు మాత్రం గోడ చాటున. లోపలికి వెళ్ళి మైకు తీసుకున్నాను. ఎనిమిదేళ్ళ కిందట కంకిపాడులో ఏమన్నానో అదే గొంతుతో మళ్ళీ చెప్పి, అది అబద్ధం అన్నాను. ఆరాధన కోసం వేసే ప్రత్యక్ష గుడారం కట్టే పనికి దేవుడు పేరు పెట్టి పిలిచి తన ఆత్మతో నింపిన బెసలేలు యాజకుడు కాదనీ, లోహమూ చెక్కా చెక్కే పనివాడనీ చెప్పాను. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి పన్నులు వసూలు చేసే సుంకరులూ సైనికులూ వచ్చి మేమేం చెయ్యాలని అడిగితే, ఉద్యోగం మానెయ్యమనలేదు, ఎవర్నీ దోచుకోకుండా చెయ్యమన్నాడు. పౌలు గుడారాలు కుట్టాడు. తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పు రాజేసి కూర్చుని, ఆ జాలరులు పట్టిన చేపల్లోంచే కొన్ని తెమ్మన్నాడు. వలల గురించి అంత చెప్పిన నేను ఆ పేజీ దాకా ఎందుకు చదవలేదు? "మన రత్నరాజు స్కూలు బస్సు తాళం జేబులో వేసుకున్న రోజు దేవుని సేవ చేశాడు. దాన్ని ఆపింది నేను. మీ అందరి ముందు క్షమించమని అడుగుతున్నాను" అన్నాను.

హల్లెలూయా ఎవరూ అనలేదు.  ముందు వరసలోంచి దీనమ్మ అనే ముసలామె గొంతు లేచింది. "అయితే ఈయన పనికి పోతే ఆదివారం రాడా ఏంటి? ఆదివారం మెకానిక్కులకి సెలవేగా!" చాపల మీద నవ్వు పాకింది. ఆమె ఆగలేదు. "నాకు ఈ డబ్బాల్లో చెప్పేది ఏనాడూ అర్థం కాలేదు నాయనా. మా వీధి బోరింగు చెడిపోతే పంచె ఎగ్గట్టి దిగి బాగుచేశాడు చూడు, ఆ రోజు నమ్మా, ఈయన్ని ఎవరో పంపారని."

రత్నరాజు నవ్వలేదు. వెళ్ళి యాంప్లిఫయరు ఆపాడు. ఆ నిశ్శబ్దంలో నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "మరి ఈ ఎనిమిదేళ్ళు నేను చేసింది ఏంటండీ?" వాక్యం ఎప్పుడూ నాలుక చివర ఉండే నేను మైకు కింద పెట్టేశాను. 

సుగుణ షెడ్డు వెనక ఇంట్లోకి వెళ్ళి, మంచం కింద నుంచి ఆ రెండు స్పానర్లు తీసి సంచిలో పెట్టింది. అతను భార్య వంక చూసి, సంచి అందుకున్నాడు. ఉపవాసం విడిచి చారన్నం తిని బయల్దేరేసరికి మూడుంపావు. అక్కడే పొరపాటు చేశాం. ఉయ్యూరు రోడ్డంతా చెరకు ట్రాక్టర్లు. కంకిపాడు దగ్గర బస్సు ముప్పావుగంట కదల్లేదు. కిటికీలోంచి ఒకప్పుడు మేము పందిరి వేసిన స్థలం కనిపించింది. అక్కడిప్పుడు టైల్స్ షాపు ఉంది. రత్నరాజు అటు చూశాడు, నేను చూడలేకపోయాను. ఆటోనగర్ గేటు దగ్గర దిగేసరికి అయిదూ యాభై. ఇద్దరం పరుగెత్తాం.

షట్టరు సగం దించి ఉంది. నాగేశ్వరరావు గారు కొక్కెం పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చావుట్రా రత్నం!" అన్నాడే గానీ ఇంకేమీ అడగలేదు. షట్టరు పైకి నెట్టి, పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. రత్నరాజు మూత మీది సిలువ గుర్తును వేలితో తడిమాడు. సుత్తి తీసుకుని పొద్దున నేను చూసిన డ్రమ్ము దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక దెబ్బ కొట్టి విన్నాడు. కుడి చెవి వంచి మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టి తలెత్తాడు. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను.

"మోగట్లేదండీ" అన్నాడు. "డ్రమ్మా, నా చెవా?"

 అతనే లేచి డ్రమ్ముకి కిరసనాయిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, చాక్‌పీసు పొడి చల్లాడు. నిమిషం గడిచింది. లోపల ఇంకిన కిరసనాయిలు పైకి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుక లాంటి నల్లటి గీత తేలింది. బీట ఉంది. విన్నది సరిగ్గానే విన్నాడు. కానీ తన చెవిని తాను నమ్మలేకపోయాడు, ఆ నమ్మకాన్ని తినేసింది నా మైకు. నాగేశ్వరరావు గారు ఆ గీత చూసి అన్నాడు: "కొండపల్లి అతన్నీ ఉంచుతా. వినేది అతను, చేసేది నువ్వు. ఎట్టా వినాలో నేర్పు వాడికి. ఎనిమిదింటికి వచ్చెయ్." రత్నరాజు గోళ్ళ సందుల్లో అప్పటికే నలుపు చేరింది. ఆ చేతుల్ని పంచెకి తుడుచుకోకుండా ముందు నా వైపు చూశాడు, అలవాటు కొద్దీ, నేనేమైనా అంటానేమోనని. నేను ఆ రెండు చేతులూ పట్టుకుని నా కళ్ళకి అద్దుకున్నాను.

తిరిగి కృష్ణలంక వచ్చే బస్సులో నాకు సంతోషం కలగలేదు. పాపం ఒప్పుకుంటే క్షమాపణ ఉందని నమ్ముతాను, కానీ క్షమాపణ చెవిని తెచ్చి ఇవ్వలేదు. చర్చిలో మనం నోరు జారిన ఒక్క మాటకి ఎవరో ఎక్కడో తమ చేతుల్ని అసహ్యించుకుంటూ ఉంటారు. బ్రేకు పట్టినందుకు క్షేమంగా ఇల్లు చేరిన వాళ్ళెవరికీ ఆ చేతులు తెలియవు. ఆ బ్రేకుల మీద ఇరవై ఆరేళ్ళు తిరిగిన నాకూ తెలియలేదు. సేవ కోసం పందిళ్ళన్నీ వెతికాను, అది నా సీటు కింద చక్రంలో తిరుగుతూనే ఉంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: చెరకు నరికే రోజుల్లో ఉయ్యూరు నుంచి రెండున్నర లోపే బస్సెక్కండి. మాకు పది నిమిషాలు మిగిలాయి, మీకు మిగలకపోవచ్చు.

మీరు కూడా ఎవరితోనో అని ఉంటారు. వంట చేసే కోడలితోనో, ఆటో తోలే తమ్ముడితోనో, మీతో మీరేనో: ఇది ఒక పనేనా, ఇందులో దేవుడెక్కడున్నాడు అని. అది ఎంత గట్టిగా అన్నారో గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడే లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, అంత గట్టిగానూ అది తప్పని చెప్పండి. చెవిలో చెప్పకండి. ఆదివారం దాకా ఆగకండి. ఎక్కడో ఒక షట్టరు సగం దిగి ఉంది. వెళ్ళండి, ఇవాళే.